నిప్పు కనపడకూడదు

ఒక పెద్ద అడవిలో, తూర్పు కొండల వాలు మీద, అన్నిటికంటే ముందు పూతకొచ్చే మామిడిచెట్టు ఒకటి ఉండేది. దాని పైకొమ్మ మీద ఒక కుర్ర కోయిల పాడుకునేవాడు. దాని మొదట్లో ఒక పొగాకు కొట్టు ఉండేది. పాట పైనుంచి కిందికి దిగేది, పొగ కిందనుంచి పైకి ఎక్కేది. మధ్యలో ఎక్కడో రెండూ ఒకదానికొకటి ఎదురయ్యేవి.

కొట్టు నూకాలు అనే ముళ్ళపందిది. ఆకు తడిపి, ఈనె తీసి, ముందుకాళ్ళ మధ్య దొర్లించి, తన ముల్లుతోనే కొస పొడిచి చుట్ట చుట్టేది. నూకాలు చుట్ట అంటే అడవంతా పేరు. కొట్టు గుంజకి ఒక కొబ్బరితాడు వేలాడేది. దాని కొసన పొద్దస్తమానం నిప్పు రాజుకుంటూ ఉండేది. ఎలుగుబంటి, కోతి, దుప్పి, తోడేలు, అందరూ అక్కడే ముట్టించుకుని, అక్కడే కూలబడి, ఊసులాడుకుంటూ పొగ వదిలేవారు.

కోయిల పేరు నల్లబాబు. ఆ పేరు పెట్టింది పోలమ్మ అనే కాకి. కోయిలలకి గూళ్ళు కట్టుకోవడం రాదు కదా, నల్లబాబు పోలమ్మ గూట్లోనే గుడ్డులోంచి బయటపడ్డాడు. తన బిడ్డే అనుకుని ఆమె మేపింది. వాడు నోరు విప్పి పాడాక గానీ కాదని తెలీలేదు. అప్పటికే ప్రేమ పుట్టేసింది, ఇక చేసేదేముంది.

ఎదురుకొండ మీద చుక్కి అనే ఆడకోయిల ఉండేది. ఆకుల సందుల్లోంచి కారిన వెన్నెల ఒంటి మీదే ఆరిపోయినట్టు, ఒళ్ళంతా తెల్లచుక్కలు. నల్లబాబు ఈ కొండ మీద పాడితే ఆమె ఆ కొండ మీద నుంచి 'కిక్ కిక్' అనేది. వాళ్ళ ప్రేమ అంతవరకే వచ్చింది. ఇద్దరూ ఇంకా ఒకే కొమ్మ మీద కూర్చోలేదు. లోయలో వాళ్ళ గొంతులే కలిసి తిరిగేవి.

ఆ ఏడు పూత వచ్చింది. నల్లబాబు గొంతు రాలేదు.

'కూ' అని ఎత్తుకుంటే మధ్యలో దగ్గు వచ్చేది. రెండో 'కూ' పాత తలుపు తీసినట్టు గరగరలాడేది. ఎదురుకొండ కాసేపు వినేది, తర్వాత ఊరుకునేది. పిందెలు పెరిగి కాయలయ్యేలోపు గొంతు బాగుపడకపోతే చుక్కి ఇంకో అడవికి, ఇంకో గొంతు వైపు వెళ్ళిపోతుంది. ఆడకోయిలలు ఎక్కడ పాట వినపడితే అక్కడికి వెళతారు. అది వాళ్ళ తప్పు కాదు.

నల్లబాబు కిందికి దిగి నూకాలు ముందు వాలాడు.

"అత్తా, నీ కొట్టు కాస్త అవతలికి జరుపుకోకూడదా? పొగకి నా గొంతు పోతోంది."

నూకాలు చుట్ట చుడుతూనే అంది. "ఏటి నాయనా, నీ గొంతు పోతే నా కొట్టు ఎల్లాలా? ఈ సెట్టు మీ అమ్మ నాటిందేటి?"

"కాదు."

"మా అమ్మా నాటనేదు. సరిపోయింది. ఆ కొమ్మ ఒగ్గేసి ఇంకో కొమ్మ మీద కూకోరాదూ?"

"ఈ కొమ్మ మీద నుంచే ఎదురుకొండకి వినపడుతుంది అత్తా."

నూకాలు పని ఆపింది. "ఓలమ్మ, ప్రేమ యవ్వారమా. ముందే సెప్పొద్దా." ఆమె మనసు మంచిదే. ముళ్ళు పైకే. "సూడు నల్లోడా, నువ్వు సెప్పావని నాను జరిగితే రేపు పిచిక సెప్తాది, ఎల్లుండి తొండ సెప్తాది. పంచాయితీ కాడికెల్లు. ఆల్లు జరగమంటే జరుగుతాను. ఆల్లందరూ నా కాడ ముట్టించుకునేవోల్లే. ఆల్ల మాట కాదన్ను."

పంచాయతీ చెరువు పక్కన నల్లబండ మీద జరిగేది. ప్రెసిడెంటు గంగులు అనే అడవిపంది. ఆయనకి జీవితంలో రెండే ఇష్టాలు. పొద్దున చుట్ట, మధ్యాహ్నం చెరువు గట్టు కింద బురదలో పడుకోవడం.

సెక్రటరీ ధవళయ్య అనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు సగం మూసుకుని, మల్లెమొగ్గలా ఉండేవాడు. ముక్కు పొడుగు కనుక చుట్ట కుదరదు, ఆ అలవాటు లేదు. ఆయన్ని చూస్తే ఎవరికైనా దండం పెట్టాలనిపించేది, చేపలకి తప్ప.

నల్లబాబు తన కష్టం చెప్పుకున్నాడు.

"నివాసం?" అన్నాడు ధవళయ్య.

"మామిడిచెట్టు పైకొమ్మ అండి."

"కొమ్మ కాదు. గూడు."

"మాకు గూళ్ళుండవండి."

"గూడు లేనివాడు స్థానికుడు కాడు. స్థానికుడు కానివాడి ఇబ్బంది స్థానిక ఇబ్బంది కాదు. తదుపరి అంశం."

అప్పుడు ప్రెసిడెంటు గారి చెవి మీద నుంచి ఒక గొంతు లేచింది. పోలమ్మది. ఆమె రోజూ గంగులు చెవుల్లో పిడుదులు ఏరిపెడుతుంది కనుక సభలో ఆమె చోటు అదే.

"నా గూట్లో పుట్టాడండి. ఆడి నివాసం నాదే రాసుకోండి."

ధవళయ్య ఒక కన్ను తెరిచాడు. "నీకేమవుతాడు?"

"కొడుకు."

"నువ్వు కాకివి."

"నాకు తెల్దా సెక్రటరీ గారూ. ఆడికే ఆలస్యంగా తెలిసింది."

సభ నవ్వింది. గంగులు చెవిలో ఇంకా కొంత పని మిగిలి ఉండటంతో విషయం చర్చకు వచ్చింది.

అందరూ చుట్టలు ముట్టించుకుని పొగాకు గురించి ఆలోచించారు.

"పిల్లలు కూడా మొదలెట్టేశారు," అంది సభ్యురాలు ఎలుగుబంటి, పొగ వదులుతూ. "మొన్న మావాడిని తేనెపట్టు దగ్గర పట్టుకున్నాను. ఈగలకి పొగ పెడుతున్నానమ్మా అన్నాడు. చూస్తే అది ఖాళీ పట్టు."

"కొట్టు మూయించేద్దాం," అన్నాడు సభ్యుడు కోతి. "మూయించి, వెనక తలుపు తెరిపిద్దాం."

"ఆ కొట్టుకి తలుపే లేదు కదయ్యా," అన్నాడు గంగులు.

"అయితే ముందు తలుపు పెట్టిద్దాం."

ధవళయ్య గొంతు సవరించుకున్నాడు. "నియంత్రణ అంటే మూయడం కాదు, లైసెన్సు ఇవ్వడం. దేన్నైనా అదుపు చేయాలంటే ముందు అది ఎక్కడుందో అందరికీ తెలియాలి. కనుక 'ఇది పంచాయతీ వారి అనుమతి పొందిన పొగాకు కొట్టు' అని దూరానికి కనపడేలా బోర్డు కట్టించాలి."

"మరి నా గొంతు?" అన్నాడు నల్లబాబు.

"అక్కడికే వస్తున్నాను. పొగ కనపడితే తప్పు అని రాద్దామా అంటే, అది పొగో మంచో తేల్చేదెవరు? నిప్పు అలా కాదు. నిప్పు నిప్పే. అడవిలో ఎవరి మూతి దగ్గర నిప్పు కనపడితే వాళ్ళది నేరం. కొట్టు దగ్గర కనపడితే లైసెన్సు రద్దు. పంచాయతీ సభ్యుల దగ్గర కనపడితే సభ్యత్వం రద్దు."

గంగులు చుట్ట నోట్లోంచి తీశాడు. "సభ్యులది కూడానా?"

"రాస్తే బాగుంటుందండి," అన్నాడు ధవళయ్య మెల్లగా. "చూసినవాళ్ళు మెచ్చుకుంటారు."

గంగులు కాసేపు ఆలోచించి, తీసిన చుట్ట మళ్ళీ పెట్టుకున్నాడు. బాగుంటుందనే అనిపించింది.

నల్లబాబుకి ఒంట్లో పూత పూసినట్టయింది. నిప్పు లేకపోతే పొగ ఎక్కడుంటుంది అనుకున్నాడు. పాపం, వాడికి అంతే తెలుసు.

సభ ముగిసే ముందు ధవళయ్య ప్రతిసారీ చదివే అంశం ఒకటి చదివాడు. "చెరువు నిర్వహణ బాధ్యతను గట్టుతో, బురదతో, చేపలతో సహా సెక్రటరీకి అప్పగించుట. అభ్యంతరం ఉన్నవారు నోరు తెరిచి చెప్పవచ్చు."

అందరూ ఒక్కసారే నోరు తెరిచారు. తాగే నీళ్ళు మావి అంది ఎలుగుబంటి. గట్టు మీద రావిచెట్టు మాది అన్నాడు కోతి. గంగులైతే బండ అదిరేలా గుర్రుమన్నాడు. "నా బురద జోలికొస్తే బాగుండదు సెక్రటరీ. ఎన్నిసార్లు చెప్పాలి నీకు."

"అలాగేనండి. వచ్చే సమావేశానికి వాయిదా," అని ధవళయ్య కాలు మార్చి నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరుగా ఊసరవెల్లిని వేశారు. ఆయన కళ్ళు రెండూ రెండు వైపులా తిరుగుతాయి, ఎవరూ తప్పించుకోలేరని. తీరా చూస్తే ఒక కన్ను కొట్టు మీద ఉంటే రెండోది ఎప్పుడూ ఈగల మీద ఉండేది. ఆయన లంచం ముట్టేవాడు కాదు. పొగాకు మీద చల్లే బెల్లంనీళ్ళకి ఈగలు వాటంతటవే వచ్చేవి.

బోర్డు కట్టారు. అడవి చివర ఉండే కుందేళ్ళకి అప్పటిదాకా అలాంటి కొట్టు ఒకటుందని తెలీదు. బోర్డు చూసి వచ్చాయి. పంచాయతీ అనుమతించిందంటే మంచిదే అయి ఉంటుందని తలా ఒక చుట్ట కొనుక్కున్నాయి.

నిప్పు సంగతికి మాత్రం మొదట అందరూ భయపడ్డారు. నూకాలు తాడుని కుండలో పెట్టి మూత వేసింది. చుట్టలు కొన్నవాళ్ళు దూరం పొదల్లోకి పోయి, చుట్టూ చూసుకుంటూ, రెండు దమ్ములు లాగి పారేసేవారు. మామిడిచెట్టు కింద గాలి నిజంగానే తేలికైంది. ఒకరోజు నల్లబాబు ఒక 'కూ' దగ్గు లేకుండా పూర్తిగా అన్నాడు. ఎదురుకొండ నుంచి చిన్నగా ఒక 'కిక్' వచ్చింది.

ఆ రోజంతా వాడు ఏమీ తినలేదు. ఆకలి గుర్తురాలేదు.

బేరాలు తగ్గి, ఊరికే కూర్చుని కూర్చుని, నూకాలు వాళ్ళ అమ్మమ్మని తలుచుకుంది. అమ్మమ్మ కొండ మీద జీడిపిక్కలు ఏరేటప్పుడు, గాలికి నిప్పు ఆరిపోకుండా, చుట్టని తిప్పి పెట్టుకునేది. కాలే కొస నోట్లో, చల్లటి కొస బయట. దాన్ని అడ్డపొగ అనేవారు. ఆ కొండల్లో పెద్ద ఆడవాళ్ళకే వచ్చిన విద్య అది. పెదాలు బిగించాలి, నాలుక వెనక్కి తీసుకోవాలి, పొగ ముక్కులోంచి వదలాలి.

నూకాలు ఒక చుట్ట ముట్టించి, తిప్పి నోట్లో పెట్టుకుని, ఇన్‌స్పెక్టరు ముందుకి వెళ్ళి నిలబడింది.

ఊసరవెల్లి ఒక కంటితో పైనుంచి, ఒక కంటితో కిందనుంచి చూశాడు.

"నోట్లో ఏముంది?"

నూకాలు ముక్కులోంచి పొగ వచ్చింది. జవాబు రాలేదు.

"నిప్పైతే కనపడటం లేదు," అన్నాడాయన కాసేపటికి. "కనపడటం లేదు కనుక లేదు." అని పొగాకు రంగులోకి మారి పడుకున్నాడు.

సాయంత్రానికి ఈ వార్త అడవంతా పాకింది. మర్నాటి నుంచి కొట్టు ముందు బారులే బారులు. నూకాలు ఒక్కొక్కరి మూతీ పట్టుకుని నేర్పింది.

"బిగించు. ఇంకా బిగించు. నవ్వకు, కాల్తాది. ఓరి నీ మూతి మండా, కాలే కొస లోపలికిరా అన్నాను, బయటికి కాదు."

"మండనే మండిందత్తా," అన్నాడు కోతి, కళ్ళనీళ్ళతో.

"సట్టం అంటే ఆమాత్రం మండుతాది. మళ్ళీ పెట్టు."

గంగులు కూడా వచ్చాడు. ప్రెసిడెంటు కనుక వరసలో నిలబడలేదు. కోరలు అడ్డమొచ్చి ఆయనకి చాలాసేపు కుదరలేదు.

"ప్రెసిడెంటు బాబూ, మీరు మాటలు తగ్గించుకుంటే గానీ ఇది రాదు," అంది నూకాలు.

"ప్రెసిడెంటు మాట్లాడకపోతే ఎట్లాగే?"

"నానేటి సెప్పగలను. రెండూ ఒకే నోట్లో ఉండవు."

గంగులు రెండింటిలో ఒకటి ఎంచుకున్నాడు.

కుర్రకారుకి ఇది మరీ నచ్చింది. ఊరికే తాగడం ఎవడికైనా వస్తుంది, ఇది వచ్చినవాడికి గౌరవం. దుప్పి పిల్లలు కొమ్ములు రాకముందే మూతులు బిగించడం మొదలెట్టాయి. ఎవరి మూతి దగ్గరా నిప్పు కనపడటం లేదు కనుక పొగాకు అదుపులోకి వచ్చిందని పంచాయతీ సంతోషించి, నూకాలుకి రెండో బోర్డు ఇచ్చింది. అందులో 'ఇక్కడ చట్టప్రకారం నేర్పబడును' అని ఉంది.

చెట్టు కింద మునుపటికంటే ఎక్కువమంది చేరారు. పొగ మునుపటికంటే చిక్కనైంది. తేడా ఒక్కటే, ఇప్పుడు ఎవరూ మాట్లాడుకోరు. వరసగా కూర్చుని, మూతులు బిగించి, ముక్కుల్లోంచి పొగ వదులుతూ, ఏదో పెద్ద విషయం ఆలోచిస్తున్నట్టు ఉంటారు.

నల్లబాబు మళ్ళీ దిగాడు. ఇప్పుడు 'అత్తా' అనడానికి కూడా రెండుసార్లు దగ్గాల్సి వచ్చింది.

నూకాలు చుట్టని కుండలోకి ఉమ్మి మూత పెట్టింది. "నాను సట్టం దాటానా సెప్పు."

"దాటలేదు."

"మరి నామీద కోపమెందుకు? నీ గొంతు సట్టంలో రాయనేదు నాయనా. నిప్పే రాసారు." అని, ఒక కరక్కాయ ముక్క వాడి ముందు పెట్టింది. "బుగ్గనెట్టుకో. దగ్గు తగ్గుతాది. నీమీద నాకేటి పగ."

వాడు ఈసారి కూడా సభకి వెళ్ళాడు. పూత రాలి పిందెలు పడటం మొదలైందని, తనకి ఎక్కువ రోజులు లేవని చెప్పాడు. సభ్యులందరూ వాడివైపే చూశారు. అందరి నోళ్ళలోనూ అడ్డపొగ. ఒక్కరూ మాట్లాడలేదు.

ధవళయ్యకి ఆ నిశ్శబ్దం వింతగా అనిపించింది. ఎన్నో ఏళ్ళుగా ఆయన ఆ బండ మీద అరుపులే విన్నాడు. సగం మూసిన కళ్ళు పూర్తిగా తెరిచాడు. "పరిశీలనలో ఉంది," అని నల్లబాబుకి చెప్పి, ఏదో తోచి, అంశాల్లో లేని ఒక ముక్క చదివాడు. "సెక్రటరీ నిలబడే చోట పందిరి వేయించుట. అభ్యంతరం ఉన్నవారు నోరు తెరిచి చెప్పవచ్చు."

ఎవరూ నోరు తెరవలేదు.

"ఏకగ్రీవం," అన్నాడు ధవళయ్య. ఆ మాట అనడం ఆయనకి అదే మొదటిసారి. అన్నాక దాన్ని కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు, మంచి చేపని ఉంచుకున్నట్టు. చెరువు అంశం ఆ రోజు చదవలేదు. ముందు పందిరి వేయనీ అనుకున్నాడు.

పందిరి వేశారు.

ఒక తెల్లవారుజామున, ఎవరూ అనుకోని వేళ, జల్లు కురిసింది. ఆకులన్నీ కడిగినట్టయ్యాయి. చెట్టు కింద పేరుకున్న పొగ నేలలోకి ఇంకిపోయింది. నూకాలు కుండలో నిప్పుతో ముట్టించుకుని, కొందరు అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు. నల్లబాబు కరక్కాయ రసం మింగి, కళ్ళు మూసుకుని, ఎదురుకొండ వైపు తిరిగి పాడాడు.

ఆ పాటని మాటల్లో చెప్పడం కష్టం. మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతూ పోయి, చివరి మెట్టు మీద ఎవరినో చూసి ఆగిపోయినట్టు ఆగింది. తడిసిన కొండ పక్కకి తిరిగి వింటోందేమో అనిపించింది. మామిడిపిందె ఒకటి రాలబోయి రాలలేదు.

కింద కూర్చున్నవాళ్ళు తలలెత్తారు. ఎలుగుబంటికి తన పెళ్ళినాటి తేనె గుర్తొచ్చింది. కోతికి తాను దూకలేకపోయిన ఒక కొమ్మ గుర్తొచ్చింది.

"ఆహా," అన్నారందరూ.

అనడానికి నోళ్ళు తెరిచారు. తెరిచిన ప్రతి నోట్లోనూ నిప్పు.

ఆ చీకట్లో చెట్టు చుట్టూ దీపాలు పెట్టినట్టు కనపడ్డాయవి. ఊసరవెల్లికి మెలకువ వచ్చింది. చూడనట్టు ఉండటానికి వీల్లేనన్ని ఉన్నాయి. ఎలుగుబంటి, కోతి, తోడేలు, కుందేళ్ళు, దుప్పి పిల్లలు, అందరి మీదా నేరం రాయాల్సి వచ్చింది.

"మా తప్పేం లేదు," అన్నాడు కోతి, కాలిన నాలుకతో. "మేం మూసుకునే ఉన్నాం. వాడే తెరిపించాడు."

ఆ గొడవలో ఎదురుకొండ నుంచి వచ్చిన జవాబు ఎవరూ వినలేదు. నల్లబాబు ఒక్కడే విన్నాడు. రెండుసార్లు, తొందరగా, 'కిక్ కిక్' అని.

మర్నాడే సమావేశం పెట్టారు. సభ్యులందరూ అడ్డపొగతోనే వచ్చారు. అది లేకుండా ఇప్పుడు ఎవరికీ తోచదు. గంగులు అందరికంటే లావు చుట్ట పెట్టుకున్నాడు. పక్కనే ఊసరవెల్లి, నల్లబండ రంగులో. కొత్త పందిరి నీడలో ధవళయ్య. నల్లబాబు ఆశగా వచ్చి కూర్చున్నాడు. చెట్టు కింద కొద్ది రోజులు పొగ లేకపోతే చాలు, చుక్కి వచ్చేస్తుంది, అంతే అడుగుదామనుకున్నాడు.

ధవళయ్య మొదలుపెట్టాడు.

"మొదటి అంశం. చట్టాన్ని పాటిస్తున్నవారు కోయిల పాట వల్ల నోళ్ళు తెరిచి నేరస్తులవుతున్నారు. కనుక నేరానికి మూలం నిప్పు కాదు, పాట. నిన్న పట్టుబడినవారిని క్షమించి, సదరు కోయిల ఇకపై ఈ అడవిలో పాడరాదని తీర్మానించడమైనది. అభ్యంతరం ఉన్నవారు నోరు తెరిచి చెప్పవచ్చు."

ముక్కుల్లోంచి పొగ వచ్చింది. మాట రాలేదు.

"నాకుంది అభ్యంతరం," అన్నాడు నల్లబాబు. "నేను తెరిచే ఉన్నాను కదండీ నోరు."

"నువ్వు సభ్యుడివి కావు."

పోలమ్మ గంగులు చెవి పట్టుకు లాగింది. "ప్రెసిడెంటు గారూ, మాటాడండి. నిన్న పాట ఇంటూ మీరు బురదలో తొంగుని ఏడవనేదేటి? మీ సెవిలో కూకున్నదాన్ని, నాకు తెల్దా? ఆడు పొగ ఒద్దని అడగడానికొస్తే ఆడి పాటే ఒద్దంటారేటి బాబూ. ఆ గొంతు పోతే ఆడికింకేటుంది, గూడా, వాకిలా?"

గంగులు కళ్ళు తడిశాయి. నిన్న ఏడ్చిన మాట నిజమే. పాటకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. కానీ నోరు తెరిస్తే నిప్పు కనపడుతుంది, కనపడితే సభ్యత్వం పోతుంది. ఊసరవెల్లి కన్ను ఒకటి ఈగల మీదే ఉంది గానీ రెండోది ఎక్కడుందో తెలీటం లేదు. ఆయన నల్లబాబు వైపు చూస్తూ ముక్కులోంచి పొడుగ్గా పొగ వదిలాడు. దాన్ని సానుభూతి అనుకోవచ్చు.

"ఏకగ్రీవం," అన్నాడు ధవళయ్య. "రెండో అంశం. చెరువు నిర్వహణ బాధ్యతను గట్టుతో, బురదతో, చేపలతో సహా సెక్రటరీకి అప్పగించుట."

గంగులు ముక్కులోంచి పొగ ఆగిపోయింది.

ఆయన ఎలుగుబంటి వైపు చూశాడు. ఆమె ఆకాశం వైపు చూస్తోంది. కోతి వైపు చూశాడు. కోతి తన తోకని కొత్తగా చూసుకుంటున్నాడు.

"అభ్యంతరం ఉన్నవారు నోరు తెరిచి..."

"నా బురద," అన్నాడు గంగులు.

చుట్ట బండ మీద పడి దొర్లింది. కొస ఎర్రగా, అందంగా వెలుగుతోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఊసరవెల్లి కళ్ళు రెండూ ఒకేచోటికి వచ్చాయి.

"నిప్పు," అన్నాడాయన.

"ప్రెసిడెంటు గారి సభ్యత్వం రద్దయింది," అన్నాడు ధవళయ్య, నిజంగా బాధపడుతున్నట్టే. "సభ్యులు కానివారి అభ్యంతరం రాసుకోవడానికి వీల్లేదు. ఏకగ్రీవం."

"నోరు తెరవమన్నది నువ్వే కదయ్యా."

"తెరవవచ్చు అన్నానండి. తెరవమనలేదు."

సభ ముగిసింది. పోలమ్మ వచ్చి నల్లబాబు పక్కన వాలింది. చాలాసేపు వాడి రెక్కలు సర్దింది, అవి సరిగ్గానే ఉన్నా.

"ఎల్లిపో నాయనా. ఆ పిల్ల కాడికెల్లిపో."

"నువ్వు ఒక్కదానివే అయిపోతావమ్మా."

"నాకేటి లోటు? ఏటేటా నా గూట్లో మీవోడు ఎవుడో ఒకడు తేల్తాడు." అని మొహం అటు తిప్పుకుంది. "ఇంకోడికి ఇంత గొంతు ఉండదనుకో."

నల్లబాబు లోయ దాటి ఎగిరాడు. ఎంతో దూరం అనుకున్నాడు గానీ, కొండ నీడ కాస్త జరిగేలోపు దాటేశాడు. చుక్కి ఒక మొగలిపొద మీద కూర్చుని ఉంది. దగ్గరగా చూస్తే చుక్కలు తాను పాటల్లో అనుకున్నవాటికంటే ఎక్కువే ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?" అంది చుక్కి.

"పంచాయతీలో అర్జీ పెట్టాను."

"ఏమని?"

"పొగ తగ్గించమని. గొంతు బాగుపడితే నువ్వు వస్తావని."

"గొంతు బాగాలేకపోతే నువ్వే రావచ్చు కదా. రెక్కలకి దగ్గు రాలేదుగా."

నల్లబాబు ఆమె పక్కకి జరిగాడు. జరిగి పాడాడు.

ఇవతల అడవిలో పనులన్నీ సవ్యంగా జరుగుతున్నాయి. పొగాకు మీద ఫిర్యాదు చేసేవాడు ఒక్కడూ లేడని ధవళయ్య సభలో చదివాడు, ఎవరూ కాదనలేదు. చెరువులో చేపల గురించి ఎవరూ అడగలేదు. చేపలకి కూడా అడగడానికి వీలు కాలేదు. నూకాలు కొట్టుకి మూడో బోర్డు వచ్చింది. గంగులు గట్టు పైన ఎండలో, పొడినేల మీద పడుకుంటున్నాడు. నాలుక కాలింది కనుక చుట్ట మానేశాడు. పోలమ్మ ఇప్పటికీ వచ్చి చెవుల్లో పిడుదులు ఏరుతుంది.

ఒకరోజు పొద్దున్నే గాలి ఎదురుకొండ మీద నుంచి ఇటు తిరిగింది. దాంతోపాటు, సన్నగా, మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతూ ఆ పాట వచ్చింది. వెనకే 'కిక్ కిక్' అని ఇంకో గొంతు.

మామిడిచెట్టు కింద అందరూ తలలెత్తారు. మూతులు ఇంకా గట్టిగా బిగించారు. అన్ని ముక్కుల్లోంచీ ఒకేసారి పొగ లేచింది. ఊసరవెల్లి దాన్ని మంచు అని రాసుకున్నాడు.

గట్టు మీద గంగులు ఒక్కడే నోరు బార్లా తెరిచి, "ఆహా," అన్నాడు.

ఆయన నోట్లో ఏమీ లేదు. అందుకే ఆయన ఇప్పుడు ఏమీ కాదు.

నీతి: సభలో ఉండేవాడికి నోరు ఉండటం ముఖ్యం కాదు, నోట్లో ఏదో ఒకటి ఉండటం ముఖ్యం.